ముల్లు కదలని మనుషులు

తెల్లవారి బాయిలర్ కూత పెట్టగానే అటక మీద వాళ్లంతా లేచేవాళ్లు. మంచాలు కిర్రుమనేవి కావు. దుప్పట్లు మడిచి, నిచ్చెన దిగి, ఒకే కుళాయి దగ్గర వరసగా మొహాలు కడుక్కుని, నిలబడే టీ తాగి మిషన్ల దగ్గరికి పోయేవాళ్లు. నగరంలోని పెద్ద హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు, బల్ల గుడ్డలు ఆ లాండ్రీకే వచ్చేవి. మాసినవి వెనక తలుపులోంచి వచ్చేవి, ఉతికి ఇస్త్రీ అయినవి ముందు గేటులోంచి పోయేవి. మూటలతో పోయి వచ్చే మోతవాళ్లు తప్ప, లోపలున్న మనుషులు మాత్రం ఏ దారినా పోయేవాళ్లు కాదు.

గేటు దగ్గర ఒక కాటా ఉండేది. గుండ్రటి గాజు మొహం, నల్ల ముల్లు. బయటికి పోయే ప్రతి మూటా దాని మీదికి ఎక్కాల్సిందే. మూటలో ఎన్ని దుప్పట్లున్నాయో దానికి సరిపడా బరువు తూగాలి. ముల్లు కాస్త ముందుకు పోయిందంటే మూటలో ఏదో దాచారని అర్థం. అక్కడ కూర్చునే కాటా తాత వెంటనే మూట విప్పించేవాడు. మూటలు మోసేవాళ్లు నెత్తిన మూటతోనే కాటా ఎక్కి నిలబడేవాళ్లు. ముల్లు మూట బరువు దగ్గరే ఆగేది. దించి మళ్లీ ఎత్తే శ్రమ తప్పిందని అందరికీ అదొక సుఖం.

గుర్తింపు కార్డులు యజమాని బీరువాలోకి వెళ్లిన రోజు నుంచీ వాళ్లకి బరువు లేదు. అలాగని గాలికి ఎగిరిపోయేవాళ్లేం కాదు. నడిచేవాళ్లు, సబ్బు నీళ్లలో జారి పడేవాళ్లు కూడా. పడితే చప్పుడు అయ్యేది కాదు, అంతే. తడి సిమెంటు మీద అడుగుల జాడ పడేది కాదు. ఆవిరికి జుట్టు రాలినట్టు, సబ్బుకి గోళ్లు అరిగినట్టు, ఇదీ ఆ పనిలో ఒక భాగమనుకున్నారు. నడుం నొప్పి మాత్రం ఎప్పటిలాగే ఉండేది.

ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ గుర్తింపు కార్డులు ఎవరూ లాక్కోలేదు. వాళ్లే తీసుకెళ్లి ఇచ్చారు. తర్వాత అందరి నోళ్లూ కట్టేసింది ఈ ముక్కే.

హోటళ్లలో దిగినవాళ్ల బట్టలు కూడా ఉతుక్కి వచ్చేవి, వాటి జేబులు వెతకడం వాళ్ల పని. ఎవరివో ఉంగరాలు, మందు బిళ్లలు, తాళాలు వెతికి తీసేవాళ్లు. పరాయివాళ్ల జేబులు వెతికి వెతికి, సొంత జేబు చూసుకోవడం మర్చిపోయేవాళ్లు. బొంగురు గొంతు మనిషి ఒకడుండేవాడు, అందరూ బొంగురు అనే పిలిచేవాళ్లు. వాడి కార్డు వాడి పని చొక్కాతో పాటు మరిగే నీళ్ల డ్రమ్ములోకి పోయింది. తీసేసరికి కార్డు మీద మొహం ఉండాల్సిన చోట తెల్లగా మిగిలింది. పాపం వాడు చెప్పులరిగేలా తిరిగితే గాని కొత్తది రాలేదు. అది చూసి అందరూ హడలిపోయి, యజమాని గదిలో బీరువా ఉంది కదా, ఆవిరి తగలని చోటు కదా, అక్కడ దాచిపెట్టండి సార్ అని బతిమాలారు. ఆయన పెద్ద మనసు చేసుకుని సరేనన్నాడు. ఆ వారమంతా పోటీలు పడి ఆయన చొక్కాలకి ఇస్త్రీ చేశారు.

తర్వాత కార్డు కావాలని అడిగినవాడికి ఆయన మొదట రేపు అన్నాడు. మళ్లీ అడిగితే ఎందుకు అన్నాడు. ఇంకోసారి అడిగితే, నా మీద నమ్మకం లేదా అన్నాడు. మన వస్తువు మనం అడుగుతుంటే ఎందుకని ప్రశ్నించడానికి నువ్వెవరని ఒక్కడూ అనలేదు. ఆయనకి బీరువా సారు అని పేరు పెట్టుకుని, చాటున నవ్వుకుని ఊరుకున్నారు.

బీరువా సారు తెలివైనవాడు. జనం పడుకునే హాలులో కొత్త మిషన్లు దించాడు. ఆ మిషన్లు వచ్చిన చెక్కపెట్టెల పలకలు ఊడదీయించి, ఇస్త్రీ హాలు మీద అటక కట్టించాడు. ఇవి పిల్లి నడిస్తే వంగుతాయి సార్, కింద దూలాలు వెయ్యాలి అన్నాడు వడ్రంగి.

"పిల్లిని పడుకోబెట్టడం లేదుగా," అన్నాడు బీరువా సారు. "వీళ్లకే. కొట్టు మేకులు."

వడ్రంగికి అర్థమై మేకులు కొట్టాడు. జనం చేత పని చేయించే మేస్త్రీకి కార్డు సొంత జేబులోనే ఉండేది కాబట్టి ఎప్పుడూ అటక ఎక్కేవాడు కాదు. కింద నిలబడి కర్రతో పలకలు పొడిచి లేపేవాడు.

ఆ అటక మీద ఒక చివర అక్కాచెల్లెళ్ల మంచాలుండేవి. అక్క దుప్పట్లు దులిపి అందిస్తే చెల్లి వాటిని వేడి రోలర్‌లోకి పంపేది. మడత బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఉండేది, లాండ్రీకంతటికీ ఆవిడ పెద్దమ్మ. వయసులో ఉండగా ఆవిడ నూలు మిల్లులో పనిచేసి, సమ్మె చేసి, లాఠీ దెబ్బ తిని, ఓడిపోయింది. వంకరపోయిన ఒక వేలు ఆవిడకి ఆ సమ్మె నుంచి దక్కిన ఆస్తి. చెల్లిని చూస్తే ఆవిడకి ముద్దు. "ఏవే, దుప్పటికి నిద్రొస్తోంది, తొందరగా పంపవే," అని ఆటపట్టించేది.

రోలర్‌ని ఆపడానికి పైన ఒక తాడు ఉంటుంది. లాగితే మిషన్ టక్కున ఆగాలి. మాటిమాటికీ లాగి పని ఆపుతున్నారని మేస్త్రీ దాన్ని పైకి చుట్టి కట్టేశాడు. ఒకనాడు తడి దుప్పటి అంచు చెల్లి మణికట్టుకి చుట్టుకుంది. కుడి చెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. అక్క తాడు కోసం ఎగిరింది, అందలేదు. మేస్త్రీ పరిగెత్తి కరెంటు కట్టేసేసరికి ఆలస్యమైంది.

కాంపౌండర్ ఒకతను వచ్చి పూత రాసి, కట్టు కట్టి, బిళ్లలు ఇచ్చి పోయాడు. చెయ్యి చూస్తూ చూస్తూ నల్లబడుతుంటే, ఇది నా చేతిలో పని కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లండి అన్నాడు. తర్వాత అతను రావడం మానేశాడు. రావద్దన్నారో, అతనే భయపడ్డాడో తెలీదు.

అక్క బీరువా సారు గదికి వెళ్లింది. అక్కడ చల్లగా, పొడిగా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడాయన.

"దాని కార్డు ఇవ్వండి సార్. ఆసుపత్రిలో చూపించి తెచ్చేస్తాను."

"ఆసుపత్రివాళ్లు చెయ్యి ఒక్కటే చూస్తారనుకున్నావా? ఎక్కడ కాలింది, ఎలా కాలింది అని అడుగుతారు. రాస్తారు. పోలీసులొస్తారు. లాండ్రీ మూసేస్తారు. అప్పుడు ఇంతమందికి అన్నం నువ్వు పెడతావా అమ్మా?"

"వేళ్లు నల్లగా అయిపోయాయి సార్."

"చర్మం మారుతుందిలే. చిన్న వయసు." ఆయన గొంతులో కోపం లేదు. "ఇప్పుడు నీకు నేను దుర్మార్గుడిలా కనిపిస్తున్నాను. రేపు నువ్వే దణ్ణం పెడతావు. వెళ్లు, దుప్పట్లు ఎదురుచూస్తున్నాయి."

ఒక్కత్తివీ పోతే అది అడుక్కోవడమే అవుతుంది, అందరం పోదాం అంది పెద్దమ్మ. టీ వేళకి అందరూ ఆ గది ముందు నిలబడ్డారు. బీరువా సారు బయటికి వచ్చి, కార్డు కావలసినవాళ్లు ఇప్పుడే తీసుకోండి, తీసుకుని ఇటునుంచిటే గేటు దాటండి, మీ చోట్లోకి రేపటికి మనుషులొస్తారు అన్నాడు. రావలసిన జీతం మాట కూడా మర్చిపొమ్మన్నాడు. మొదట వెనక వరసలోంచి ఒకళ్లు జారుకున్నారు. డ్రమ్ములో బట్టలు నానిపోతున్నాయని ఒకరు, బాయిలర్ చూడాలని ఒకరు. బొంగురు నేల చూపులు చూస్తూ, నాకు కార్డు లేని బతుకు తెలుసు పెద్దమ్మా అని గొణిగి వెళ్లిపోయాడు. ఇప్పుడూ తన కార్డు బీరువాలోనే ఉందని మర్చిపోయి మాట్లాడాడు. బరువు లేని అడుగులు కదా, వెళ్లిపోతున్న చప్పుడు కూడా వినపడలేదు. తిరిగి చూస్తే అక్కా పెద్దమ్మా మిగిలారు. ఇద్దరే అని చూసుకుని బీరువా సారు, చెల్లి కార్డు మాత్రం ఇచ్చేది లేదని తలుపు వేసుకున్నాడు.

పెద్దమ్మ ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు. మడత బల్ల దగ్గరికి పోయి నిలబడింది. గేటు దగ్గర మోత మనిషి మూటతో కాటా ఎక్కాడు, దిగాడు. ఆవిడ ముల్లుని చూసింది. ఇన్నాళ్లూ రోజూ చూస్తున్న ముల్లే.

"మనం ఒట్టి గాడిదలమే," అంది అక్కతో. "మూట మోసేవాడు పైనుంటే చూపించని ముల్లు, మూట లోపల మనిషి ఉంటే చూపిస్తుందా?"

మర్నాడు పొద్దున్న హోటల్ దుప్పట్ల మధ్య అక్కని పెట్టి పెద్దమ్మ మూట కట్టింది. కాటా మీద ముల్లు దుప్పట్ల బరువు దగ్గర నిలబడింది. కాటా తాత మూట మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, తీసుకెళ్లమన్నాడు. వ్యాను కదిలింది. మూటలు మోసే అతను హోటల్ వెనక పెరట్లో ముడి విప్పి, చూడనట్టు అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. సాయంత్రం మాసిన బట్టలు తీసుకెళ్లేటప్పుడు ఇక్కడే ఉండు, లోపలికొచ్చే మూటలు ఎవరూ తూచరు అన్నాడు గోడతో చెప్పినట్టు.

దారి అడుగుతూ అడుగుతూ అక్క, పెద్దమ్మ చెప్పిన లేబర్ ఆఫీసు చేరింది. ఆఫీసు పై అంతస్తులో ఉంది. లిఫ్ట్ ఎక్కి మీట నొక్కితే అది కదల్లేదు, ఎవరూ ఎక్కలేదనుకుంది. లావుపాటి ప్లీడరు ఒకాయన వచ్చి ఎక్కితే ఆయన పుణ్యాన పైకి పోయింది.

ఆఫీసులో కళ్లజోడు పెట్టుకున్న ఒక ఆఫీసరమ్మ కూర్చోమంది. అక్క కూర్చుంది. కుర్చీలో మెత్త అణగలేదు. ఆఫీసరమ్మ ఆ మెత్త వంక చూసి, కాగితం తీసింది.

"కార్డు ఎవరి దగ్గరుంది?"

అక్క అంతా చెప్పింది. చివర్లో తల దించుకుని, "కానీ మేడమ్, మేమే ఇచ్చాం. దాచిపెట్టమని," అంది.

"మీరే ఇచ్చినా సరే. దాచమన్నవాడు దాచాలి, అడిగితే ఇవ్వాలి. ఇవ్వకపోతే అది నేరం. కార్డు చేతిలో లేకపోయినా నువ్వు ఫిర్యాదు ఇవ్వొచ్చు. మీ చెల్లిని ఇన్నాళ్లూ ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదు?"

"కార్డు లేకుండా చూడరు కదా."

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసింది. "గాయమైన మనిషిని కార్డు లేదని వెనక్కి పంపకూడదమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

ఎవరు చెప్తారు. చెప్పగలిగినవాళ్లంతా గేటు అవతలున్నారు. చెల్లి చెయ్యి నల్లబడుతుంటే, లోపలివాళ్లు పక్కన కూర్చుని విసురుతూ, లేని అడ్డాన్ని చూసి ఏడ్చారు. 

మీ లాండ్రీకి తనిఖీకి మనిషి వస్తాడు, కానీ ఆ పని వేరే సెక్షన్‌ది, ఎప్పుడొస్తాడో నా చేతిలో లేదు, ఈలోగా చెల్లిని ఎలాగైనా బయటికి తీసుకురా అని ఆఫీసరమ్మ చెప్పింది. సాయంత్రం అక్క మాసిన తువ్వాళ్ల మూటలో వెనక తలుపులోంచి లోపలికి వచ్చింది. ఆ పగలంతా పెద్దమ్మ రెండు చోట్లా పని లాగింది.

మరుసటి పొద్దున్నే చెల్లిని మూటలో పెట్టారు. ఒళ్లు కాలిపోతోంది. మూలగకే తల్లీ, కాసేపు ఓర్చుకో అని నోట్లో తువ్వాలు పెట్టారు. ముల్లు దుప్పట్ల దగ్గరే ఆగింది. మూట ఎత్తబోతుంటే చెయ్యి నలిగి, తువ్వాలు దాటి మూలుగు బయటికి వచ్చింది. కాటా తాత దగ్గు తెచ్చుకుని గట్టిగా దగ్గాడు, మూలుగుని కప్పేద్దామని. కానీ మేస్త్రీ అక్కడే ఉన్నాడు. ముడి విప్పాడు.

బీరువా సారు చెల్లిని అటక మీద ఉంచనివ్వలేదు. వెనక గోదాములో, చిరిగిన దుప్పట్ల కట్టల వెనక పడుకోబెట్టించి తాళం వేశాడు. అక్కని బాయిలర్ దగ్గరికి పిలిచాడు. మూత తీయించాడు. లోపల మంట.

"తనిఖీకి వస్తున్నారని నాకు ఫోన్ వచ్చింది. ఆఫీసులో నాకూ తెలిసినవాళ్లున్నారు. మీ చెల్లి కార్డు బీరువాలో ఉంది. నువ్వు ఒక్క మాట అటూ ఇటూ అన్నావంటే ఇందులో ఉంటుంది. ఆ తర్వాత మీ చెల్లి ఎవరో, అసలు పుట్టిందో లేదో, నువ్వు రుజువు చేసుకుందువు గాని."

కార్డు లేకపోయినా ఆసుపత్రిలో చూస్తారని అక్కకి ఇప్పుడు తెలుసు. కానీ మంట ముందు నిలబెడితే తెలిసిన సంగతి కూడా పనికి రాదు. ఆమె తలూపింది.

తనిఖీ రోజు పొద్దున్న అందరూ శుభ్రమైన బట్టలు వేసుకుని అటక మీద ఎవరి మంచం దగ్గర వాళ్లు నిలబడాలని హుకుం. జనాన్ని ఎంత పద్ధతిగా ఉంచాడో చూపించుకోవాలని బీరువా సారు ముచ్చట. ఆ ముచ్చటలో వడ్రంగి చెప్పిన మాట గుర్తు రాలేదు. ఇన్‌స్పెక్టరు గేటు దాటాడనగానే మేస్త్రీ నిచ్చెన మీద సగం దాకా ఎక్కి, కార్డులు పళ్లెంలో పైకి అందించాడు. గంటసేపే, మళ్లీ ఇచ్చెయ్యాలి, జాగ్రత్త అన్నాడు.

ఎవరి కార్డు వాళ్ల చేతికి వచ్చింది. వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఒంటి బరువు తిరిగొచ్చింది. ముందు అరికాళ్లకి తెలిసింది, కింద పలక ఉందని. తర్వాత మోకాళ్లకి. ఒకతను మంచం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఒకావిడ తన రెండు భుజాలూ తనే తడుముకుంది.  పలకలు ఒకసారి మూలిగాయి.

ఇన్‌స్పెక్టరు పల్చటి సంచీ పట్టుకుని కింద నిలబడ్డాడు. ఇలాంటివి చాలా చూసి విసుగెత్తిన మొహం. అందరి దగ్గరా కార్డులున్నాయా అన్నాడు. చేతులు లేచాయి. ఎప్పుడూ మీ దగ్గరే ఉంటాయా అన్నాడు. ఎప్పుడూ వాళ్ల దగ్గరే సార్, మొదటి రోజు నుంచీ అని బీరువా సారు జవాబు చెప్పాడు. తలలు ఊగాయి. చెయ్యి కాలిన పిల్ల ఎక్కడ అని అడిగితే, చిన్న బొబ్బ సార్, తగ్గి ఊరికి వెళ్లింది అన్నాడు.

ఇన్‌స్పెక్టరు తల ఎత్తి చూశాడు. "ఫిర్యాదు ఇచ్చినావిడ ఎవరు?"

అక్క ముందుకు వచ్చింది. ఆమెకి బాయిలర్ మోత తప్ప ఏమీ వినపడటం లేదు.

"నేనే సార్," అంది. "పొరపాటున ఇచ్చాను."

ఇన్‌స్పెక్టరు కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత పెన్ను మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడుతో అంతా అయిపోయింది. అక్క కాళ్ల కింద బరువు ఉండి కూడా లేనట్టే అయింది.

అప్పుడు పెద్దమ్మ తన మంచం వదిలి అటక మధ్యకి నడిచింది. పలక కిర్రుమంది. ఆవిడ అక్కడ నిలబడి, చేతిలో కార్డు గుండెకి ఆనించుకుని, గొంతు పెంచకుండా అంది.

"ఇలా రండి అందరూ. నా దగ్గరికి రండి."

ఎందుకో మొదట ఎవరికీ అర్థం కాలేదు. అక్క వెళ్లింది. పలక వంగింది. ఆ వంపు చూశాక తెలిసింది. ఆనాడు టీ వేళ జారుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. అడుగు పడ్డప్పుడల్లా చప్పుడైంది, అది విని వాళ్లే ఉలిక్కిపడ్డారు. మేకులు లేచాయి. పలకల సందుల్లోంచి దుమ్ము కింద ఇస్త్రీ దుప్పట్ల మీద రాలింది. అటక మధ్యలో ఉయ్యాల బట్టలా కిందికి దిగింది. విరిగితే అందరూ వేడి మిషన్ల మీద పడతారు. ఆ సంగతి అందరికీ తెలుసు. పెద్దమ్మ కదల్లేదు, ఎవరూ కదల్లేదు.

"చావాలనుందా మీకు? దిగండి," అని బీరువా సారు అరిచాడు. "కార్డులు ఇచ్చేసి దిగండి."

నిచ్చెన పక్కనున్న బొంగురు, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, చెయ్యి చాచి కార్డు మేస్త్రీకి ఇచ్చేశాడు. వాడి కాళ్ల కింద పలక టక్కున పైకి లేచింది.

ఇన్‌స్పెక్టరు ఆ పలకనే చూస్తున్నాడు. మేస్త్రీ చేతిలో కార్డుని చూశాడు.

"అది అతనికి ఇవ్వు."

మేస్త్రీ ఇచ్చాడు. పలక మళ్లీ కిందికి దిగింది.

"ఈ అటక ఎప్పుడు కట్టారు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"చాలా కాలమైంది సార్. మంచి చెక్క," అన్నాడు బీరువా సారు.

"రోజూ వీళ్లు దీని మీదే పడుకుంటారు?"

"అవును సార్, అందరూ."

"కార్డులు వాళ్ల దగ్గర పెట్టుకునే?"

బీరువా సారు తల ఎత్తి, వంగిన పలకల్ని చూశాడు.  కార్డులున్న ఇంతమంది ఒక్క పూట పడుకున్నా నిలవని అటక అది. ఇన్నేళ్లు నిలబడింది. ఇంకెవరూ సాక్ష్యం చెప్పనక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత మళ్లీ తీశాడు.

"మెల్లగా, ఒక్కొక్కరే దిగండి. కార్డులు మీ చేతుల్లోనే ఉంచుకోండి. అడిగినా ఎవరికీ ఇవ్వొద్దు. మీరు ఆ బీరువా తెరవండి."

బీరువా తెరిచారు. లోపల ఖాళీ అరలో ఒకే ఒక్క కార్డు ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని తీసి మొహం చూశాడు.

"ఊరికి వెళ్లింది అన్నారే. కార్డు ఇక్కడ వదిలేసి వెళ్లిందా?"

ఇక అక్క ఆగలేదు. గోదాము వైపు పరిగెత్తింది. సిమెంటు మీద ఆమె అడుగులు ధనధనమని మోగాయి.

గోదాము తాళం తీయించి, చెల్లిని దుప్పటిలో వేసి నలుగురు ఎత్తారు. ఎత్తుతుంటే ఖాళీ దుప్పటిలా తేలిగ్గా లేచింది. గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ఆ కార్డుని అక్క చెల్లి ఎడమ చేతిలో పెట్టి గుప్పిట మూసింది. మోస్తున్న నలుగురి నడుములూ ఒక్కసారి వంగాయి. కాటా తాత లేచి నిలబడి గేటు రెండు రెక్కలూ తెరిచాడు. ఇంకా ముందు తెస్తే చెయ్యి నిలబడేదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. మణికట్టు దాకా తీసేశారు.

లాండ్రీకి సీలు పడింది. బీరువా సారు కొన్నాళ్లు కోర్టు చుట్టూ తిరిగి, బావమరిది పేరు మీద వేరే పేటలో ఇంకో లాండ్రీ తెరిచాడని చెప్పుకున్నారు. జనం కార్డులు పట్టుకుని తలో దిక్కూ పోయారు. పని లేదు, పడుకోవడానికి చోటు లేదు, బరువు మాత్రం ఉంది. బస్టాండు బెంచీల మీద పడుకున్నప్పుడు ఎముకలు ఒత్తుకుంటుంటే తెలిసేది. బొంగురు కొత్త లాండ్రీలో చేరాడని విన్నారు. చేరిన రోజే కార్డు ఇచ్చేశాడట.  ఆ మాట విని, ఆకలి తెలిసినవాణ్ణి ఏమనను అంది పెద్దమ్మ. ఆ చలికాలంలో ఆవిడ పోయింది.

అక్కాచెల్లెళ్లకి ఎక్కడా పని దొరకలేదు. అక్కనైతే తీసుకుంటామనేవాళ్లు, చెల్లిని చూసి తల అడ్డంగా ఊపేవాళ్లు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. కార్డు మీద ఉన్నది కుడి బొటనవేలి ముద్ర. ఎక్కడికి వెళ్లినా వేలు పెట్టమనేవాళ్లు. చెల్లి ఎడమ వేలు పెట్టేది. మిషన్ ఎర్రగా వెలిగి, ఈ కార్డు ఈ మనిషిది కాదు అనేది. మార్పించుకోవడానికి ఆఫీసుకి వెళ్తే, పాత వేలు ఒకసారి పెట్టండి, తర్వాత కొత్తది ఎక్కిస్తాం అన్నారు. చెల్లి నవ్వింది. ఆ నవ్వు అక్క మర్చిపోలేదు.

చివరికి కుట్టు బట్టల దుకాణం ఒకటి దొరికింది. బొత్తాలు ఏరి రంగుల వారీగా డబ్బాల్లో వేసే పని, ఒక చేత్తో అవుతుంది. దుకాణం ఆవిడ మంచిదానిలాగే ఉంది. ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. పని ఎలా చెయ్యాలో చెప్పింది, వెనక గదిలో పడుకోవచ్చంది. సొరుగు లాగి చెయ్యి చాచింది.

"కార్డులు ఇవ్వండమ్మా. ఇక్కడ అందరివీ నా దగ్గరే ఉంటాయి. పోగొట్టుకుంటారు, మళ్లీ గోల."

అక్క చెయ్యి తనకి తెలియకుండానే జాకెట్టు వైపు పోయింది. బయట వాన పడుతోంది. వెనక గది పొడిగా ఉంటుంది. ఒక రాత్రి, ఒక నెల, తర్వాత సంగతి తర్వాత. కార్డు సగం బయటికి వచ్చింది. సగం బయటికి రాగానే కుర్చీ ఆమె కింద కొద్దిగా తేలికపడింది.

చెల్లి తన కార్డు బల్ల మీద పెట్టింది. ఇవ్వడానికి కాదు. దాని మీద ఎడమ అరచెయ్యి పెట్టి ఉంచింది.

"కావాలంటే చూసుకోండి, రాసుకోండి. ఇవ్వను."

"నీ కార్డు నేనేం తినేస్తానా?"

"దీంట్లో నా వేలు ఉందమ్మా," అంది చెల్లి. "నాకు మిగిలింది ఈ ఒక్కటే."

దుకాణం ఆవిడ కార్డు మీదున్న అరచేతి వైపు చూసింది, తర్వాత ముడిచి కట్టిన కుడి చొక్కా చేతి వైపు చూసింది.  అక్క తన కార్డుని మళ్లీ లోపలికి దోపుకుంది. ఆమె కింద పాత కుర్చీ కిర్రుమంది.

ఆవిడ సొరుగు మూసి పనిలో పెట్టుకుంటుందో, పొమ్మంటుందో, అప్పటికింకా తేలలేదు. చెల్లి మాత్రం ముద్ర మీద నుంచి చెయ్యి తియ్యలేదు.